ఇద్దరికీ ఒకటే బంతి

పోర్ట్ లార్గన్‌లో ఉత్తరాలు పంచే మోర్వెన్ పెట్రీకి సారీ చెప్పడం ఊపిరి పీల్చుకోవడమంత అలవాటు. తలుపు తట్టగానే తీసినవాళ్ళకు పరుగెత్తించానేమోనని చెబుతుంది. ఆలస్యంగా తీసినవాళ్ళకు నిద్ర చెడగొట్టానేమోనని చెబుతుంది. కుక్క పిక్క పట్టుకుంటే, పళ్ళకు నొప్పి తగిలిందేమోనని కుక్కకే చెబుతుంది. ఒకసారి వానలో జారి ఎర్ర పోస్టుడబ్బాను గుద్దుకుని, లేచి దులుపుకుని, ఆ డబ్బాకు కూడా చెప్పింది. చేపల కొట్టు ముందు నిలబడ్డవాళ్ళు చూశారు గనక మధ్యాహ్నానికల్లా ఊరంతా తెలిసిపోయింది. అలాంటి మనిషి జన్మలో మొట్టమొదటిసారి గోల్ఫ్ పందెంలోకి దిగుతోంది. ఆ పందెంలో నోట రాకూడని మాట ఒక్కటే. ఆ మాట సారీ.

అది జంట పందెం. ఇద్దరొక జట్టు, ఇద్దరికీ కలిపి ఒకటే బంతి. ఒక దెబ్బ ఒకరు కొడితే తర్వాతి దెబ్బ రెండోవారు కొట్టాలి. తొమ్మిది గుంటలనూ అందరికన్నా తక్కువ దెబ్బల్లో ముగించిన జట్టుకు వెండి గిన్నె. ఒకరు బంతిని తీసుకెళ్ళి ముళ్ళపొదలో పడేస్తే, అందులో దూరి గీసుకుపోతూ బయటికి కొట్టే భాగ్యం రెండోవారిది. ఇక ప్రతి దెబ్బకీ ఒకరికొకరు సారీలు చెప్పుకుంటూ కూర్చుంటే చీకటి పడ్డా ఆట తెమలదు. అందుకని ఈ క్లబ్బు పెద్దలు ఎప్పుడో ఒక కట్టుబాటు పెట్టారు. సారీ అన్నవాళ్ళు ఆ గుంట ఆట ముగిసేదాకా తమ జతవాళ్ళ కర్రల సంచి కూడా మోయాలి. ఇప్పటికీ అందరూ దాన్ని ప్రార్థనంత నిష్ఠగా పాటిస్తారు.

ఇంకో రివాజు కూడా ఉంది, మోర్వెన్ గుండెల్లో రాయిపడింది దానివల్లే. కొత్తగా చేరినవాళ్ళకు జతగా ఎవరైనా పాత సభ్యులను టోపీలోంచి చీటీ తీసి కేటాయిస్తారు. ఆట అయ్యాక అందరూ సూపు తాగుతుండగా క్లబ్బు కెప్టెన్ లేచి ఆ పాత సభ్యుణ్ణి ఒకే మాట అడుగుతాడు. "మళ్ళీ?" అవతలివాళ్ళు కూడా "మళ్ళీ" అంటే కొత్తవాళ్ళు ఆ వేసవంతా శనివారం పందేల్లో ఆడొచ్చు. "వద్దు" అంటే మళ్ళీ వచ్చే ఏడాది టోపీ దాకా ఆగాలి. వారమంతా ఉత్తరాలు పంచే మనిషికి శనివారం తప్ప ఇంకే రోజుంది? ఆ ఒక్క మాట కోసం మోర్వెన్ శీతాకాలమంతా, పడవలు కూడా బయటికి వెళ్ళని గాలిలో, ఇసుక తిన్నెల మీద ఒంటరిగా బంతులు కొట్టింది. ఎందుకంత పిచ్చి పట్టిందంటే తనకీ తెలియదు. బంతి కర్రకు సరిగ్గా తగిలిన క్షణాన అరచేతుల్లోంచి భుజాల దాకా ఒక తియ్యదనం పాకుతుంది. దాని రుచి మరిగింది, అంతే.

తీరా టోపీలోంచి వచ్చిన పేరు ఎఫీ మన్రో.

ఆ పేరు చదవగానే గదిలో ఉన్నవాళ్ళంతా మోర్వెన్ వైపు, పడవ మునిగినవాళ్ళ వైపు చూసినట్టు చూశారు. ఎఫీ ఆ ఊరి మంత్రసాని. పని మానేసి చాలాకాలమైనా ఊళ్ళో సగంమందిని తలకిందులుగా పట్టుకుని మొదటి దెబ్బ వేసింది తనేనన్న సంగతి ఆవిడ ఎప్పుడూ మరచిపోదు, వాళ్ళనూ మరవనివ్వదు. ఆవిడ ముందు ఎంతటి మొనగాడైనా డాబుగా నిలబడలేడు. ఏళ్ళ తరబడి జెస్సీ అనే స్నేహితురాలితోనే ఈ పందెం ఆడింది. జెస్సీ పోయాక టోపీ ఎవరిని ఇచ్చినా ఆడుతుంది, ఆట అయ్యాక "వద్దు" అంటుంది, మళ్ళీ సూపు తాగుతుంది. ఇంతవరకు ఆవిడ నోట రెండో మాట ఎవరూ వినలేదు.

అయినా సరే, శుక్రవారం నాడు మోర్వెన్ కాళ్ళు నేలమీద లేవు. సగం ఊరి ఉత్తరాలు మిగతా సగం ఊరికి పంచేసింది. జనం సాయంత్రం దాకా ఒకరి ఉత్తరాలు ఒకరికి ఇచ్చిపుచ్చుకుంటూ, ఎన్నాళ్ళనుంచో మాటల్లేని ఇళ్ళలో కూడా టీలు తాగి వచ్చారు. శనివారం పొద్దున ఓట్స్ గంజి పొయ్యి మీద పెట్టి, దాని ముందే నిలబడి, గరిటెతో బంతి కొట్టడం సాధన చేస్తూ గంజి మాడ్చేసింది. మాడిన గంజి తిని, గాలికి ఎదురు సైకిలు తొక్కుకుంటూ క్లబ్బుకు చేరేసరికి ఎఫీ అప్పటికే మొదటి గుంట దగ్గర కర్రకు ఆనుకుని నిలబడి ఉంది.

"వచ్చావా? పుట్టేటప్పుడూ ఇంతే. రెండు వారాలు ఆలస్యం చేశావు. మీ అమ్మ నన్ను తిట్టిన తిట్లు ఇంకా చెవుల్లో మోగుతున్నాయి."

"సా..." అంది మోర్వెన్.

ఎఫీ కర్ర పైకెత్తింది. "ఊఁ, అను. ఆట మొదలు కాకముందే నా సంచి మోస్తానంటే నాకేం బాధ?"

మోర్వెన్ ఆ మాట మింగింది. ఆరోగ్యానికి మంచిది కాదేమో అనిపించేంత పెద్దగా మింగింది. "గుడ్ మార్నింగండీ ఎఫీ గారూ," అంది.

"మార్నింగ్ బాగానే ఉంది. నీ సంగతి చూడాలి. విను. బేసి గుంటలకు మొదటి దెబ్బ నీది, సరి గుంటలకు నాది. అంతకుముందు గుంటలో చివరి దెబ్బ ఎవరు కొట్టారన్నది లెక్కలోకి రాదు. బుర్రలోకి ఎక్కిందా? జెస్సీ ఉన్నన్నాళ్ళూ బేసివి నావే. కానీ ఈ మొదటి గుంటకు పాలుతాగే పిల్లలు కూడా కొట్టేస్తారు. అందుకని బేసివి నీకిచ్చా."

వాళ్ళతో కలిసి నడవాల్సిన రెండో జట్టు మాంసం కొట్టు వాటీ రెన్నీ, అతని భార్య మెగ్. ఆ దంపతులు పెళ్ళినాడు చర్చి మెట్లు దిగుతూ ఏదో విషయానికి వాదన మొదలుపెట్టారు, అదింకా తేలలేదు. ఇద్దరిలో ఎవరూ ఎదుటివాళ్ళకు ఒక్కసారి కూడా సారీ చెప్పి ఎరగరు గనక, ఆ పందెంలో వాళ్ళ సంచులు ఎప్పుడూ చేతులు మారలేదు. ఆ రకంగా చూస్తే ఊళ్ళో వాళ్ళంత నిక్కచ్చిగా ఆడేవాళ్ళు లేరు.

మోర్వెన్ బంతి పెట్టింది. కుడివైపు సముద్రం, ఎడమవైపు పసుపచ్చని పూలతో విరగబూసిన ముళ్ళపొదలు, ఎదురుగా గడ్డి మేస్తున్న గొర్రెలు, పైన ఎక్కడో కంటికి కనపడకుండా గొంతు చించుకుంటున్న పిట్ట. కర్ర ఎత్తింది. కళ్ళు మూసుకుంది. కొట్టింది. చప్పుడు బాగుందని మాత్రం తెలిసింది. కళ్ళు తెరిచేసరికి బంతి గొర్రెల మీదుగా, ఎవరో దారి చూపిస్తున్నంత తిన్నగా వెళ్ళిపోతోంది.

"నేనేనా కొట్టింది?" అని అరిచింది మోర్వెన్.

"లేదు, ఆ గొర్రె కొట్టింది," అంది ఎఫీ. "పద."

నడవమంటే మోర్వెన్ నడవలేదు, గంతులేసింది. రెండో గుంటలో తన వంతు దెబ్బ ఇసుక గొయ్యిలో పడగానే "సారీ!" అని నోరు జారింది. ఎఫీ తన సంచి తీసి మోర్వెన్ భుజానికి తగిలించి, చేతులూపుకుంటూ, షికారుకొచ్చిన రాణీగారిలా ముందుకు సాగింది. మూడో గుంటలో మళ్ళీ అదే. నాలుగో గుంటలో ఎఫీ కాలు తనే తొక్కి మరీ చెప్పింది. క్రిస్మస్ రోజుల్లో ఊరందరి పార్సిళ్ళూ మోసిన భుజాలకు రెండు సంచులు ఒక లెక్కా? ఆ బరువుతోనే కొండ గొర్రెలా దిబ్బలెక్కి దిగింది. ఎండ తగిలి ముళ్ళపొదల పూలు పచ్చి కొబ్బరి వాసన వేస్తున్నాయి. ఆ వాసనకే మత్తెక్కుతుంటే, ఆపైన బంతి కూడా చెప్పినమాట వింటోంది. ఇసుకలోంచి ఎఫీ తీస్తే మోర్వెన్ గుంట పక్కకు చేరుస్తుంది. మోర్వెన్ చేరిస్తే ఎఫీ టక్కున లోపలికి తోస్తుంది. ఇద్దరూ కలిసి ఏనాటినుంచో ఒకే వంటింట్లో వండుతున్నవాళ్ళలా కుదిరిపోయారు.

అవతల పొదలోంచి గొంతులు వినపడుతున్నాయి.

"ఇందులోకి కొట్టేది నువ్వూ, దూరి గీసుకునేది నేనూనా?" మెగ్ గొంతు.

"పెళ్ళిలో పాదిరిగారు అదే కదే చెప్పారు, కష్టంలో సుఖంలో అని," వాటీ గొంతు.

"కష్టంలో అన్నారు గానీ ముళ్ళలో అనలేదయ్యా!"

ఐదో గుంట దగ్గర అసలు వేడుక జరిగింది. పచ్చిక అంచునుంచి మోర్వెన్ కొట్టిన బంతి ఆ నున్నటి పచ్చికంతా దాటి, వంపు తిరిగి, అంచున ఒక్క క్షణం ఆలోచించుకుని, గుంటలో పడింది. మోర్వెన్ టోపీ తీసి ఆకాశంలోకి విసిరింది. దాన్ని గాలి సముద్రంలోకి పట్టుకుపోయింది. దాన్ని పట్టించుకోకుండా పక్కనున్న వాటీని కౌగిలించుకుని చెంప మీద ముద్దుపెట్టి, ఏం చేసిందో తెలిసి, "సారీ, సారీ వాటీ!" అంది.

"వచ్చే గుంటకు నా సంచి నీదే," అంది ఎఫీ.

"ఆ సారీ వాటీకి చెప్పానండీ, మీకు కాదు!"

"అయినా లెక్కే. ఎవరికి చెప్పావన్నది కట్టుబాటులో లేదు."

"నాకు చెప్పనక్కర్లేదు," అన్నాడు వాటీ చెంప తడుముకుంటూ. "ఈ చెంపకు ఇలాంటివి తగిలి చాలా రోజులైంది."

"ఇంటికి రా, రెండో చెంపకు నేను తగిలిస్తా," అంది మెగ్.

మోర్వెన్‌కు నవ్వు ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూ ఏడో గుంటకు చేరింది. అక్కడ గుంట ముందే లోతైన ఇసుక గొయ్యి ఒకటి నోరు తెరుచుకుని ఉంటుంది. ఎఫీ కొట్టిన బంతి నిటారుగా లేచి, ఎండలో మెరిసి, ఆ గొయ్యి నడిబొడ్డులో దిగబడింది. దూరంలో ఉన్నవి ఎఫీ కళ్ళకు ఆనవు. కళ్ళు చికిలించి అటు చూసి, "ఎలా ఉంది?" అని అడిగింది.

"చాలా బాగుందండీ."

ఎఫీ తలతిప్పి చూసింది. "ఇసుక చప్పుడు నేను గుర్తుపట్టలేననుకున్నావా? అందరూ ఇంతే. మూడేళ్ళనుంచి నా పక్కన నిలబడ్డ ప్రతివాళ్ళూ ఇదే పాట. బాగుందండీ, భలే కొట్టారండీ, మీకు మీరే సాటండీ. జెస్సీ అయితే, 'ఎఫీ, అది దెబ్బ కాదు, నేరం' అనేది."

మోర్వెన్ నోటిదాకా వచ్చిన సారీని మింగేసింది. గొయ్యిలోంచి మోర్వెన్ బంతిని ఎలాగో బయటపడేస్తే, ఎఫీ దాన్ని గుంటలో వేసింది. ఎనిమిదో గుంట మొదలుపెట్టబోయేటప్పుడు గొర్రె ఒకటి పెద్దగా తుమ్మింది. ఎఫీ దాన్ని నాలుగు తిట్టి, కొట్టింది. ఆ గుంటనూ ఇద్దరూ సవ్యంగానే ముగించారు. అప్పుడు వాటీ వేళ్ళు ముడుస్తూ ఏదో కూడుకుని నిట్టూర్చాడు.

"ఈ మాట చెప్పడం నాకు సుతరామూ ఇష్టం లేదు. కానీ ఈ చివరి గుంట కూడా ఇలాగే ముగించారనుకో, వెండి గిన్నె మీదే."

మోర్వెన్‌కు తల తిరిగింది. వెండి గిన్నె! గిన్నె వస్తే ఎఫీ నోట "వద్దు" ఎలా వస్తుంది? రాదు, రానే రాదు. క్లబ్బు కిటికీలు అప్పటికే కనిపిస్తున్నాయి. వాటి వెనక జనం, వాళ్ళ చేతుల్లో గ్లాసులు, ఆ మధ్యలో తను, వచ్చే శనివారం, ఆ పై శనివారం, ఎండ, వాన, పొదలు, గొర్రెలు. వేసవి మొత్తం ఒక్కసారిగా కళ్ళముందు పరుచుకుంది.

తొమ్మిదో గుంటకు దారిలో వాగు అడ్డం. దాని మీద రెండు పలకల వంతెన. వాటీకి ఆకలి మీద ఆగే ఓపిక లేక ఎఫీవాళ్ళను ముందు కొట్టనివ్వకుండా తనే కొట్టేశాడు. బంతి వాగు దాటి, దారి దాటి, సముద్రం గట్టున ఉన్న పొదల్లోకి పోయింది. "చూశావా, చూశావా!" అంటూ మెగ్ అతన్ని తరుముకుంటూ పోయింది. మోర్వెన్ ఇంకా కిటికీల వైపే చూస్తోంది. ఇంతలో ఎఫీ బంతి పెట్టింది, కొట్టింది.

ఆ రోజంతటికీ అంత అందమైన దెబ్బ ఎవరూ కొట్టలేదు. బంతి వాగు మీదుగా పక్షిలా వెళ్ళి గుంటకు పది అడుగుల దూరంలో ఆగింది. మోర్వెన్ చప్పట్లు కొట్టింది, ఈలవేసింది. ఇద్దరూ వంతెన దాటారు. ఎఫీ లోగొంతుతో ఏదో రాగం తీస్తోంది. మోర్వెన్ సంచిలోంచి చిన్న కర్ర తీసింది, బంతి వెనక నిలబడింది, వంగింది.

వంగినది వంగినట్టే ఉండిపోయింది.

ఎనిమిది ఎఫీ మొదలుపెట్టింది. మరి తొమ్మిది? తొమ్మిది బేసి. బేసివి తనవి. వాగు అవతల ఆ మొదటి దెబ్బ కొట్టాల్సింది తను. ఎఫీ ఏళ్ళ తరబడి అలవాటైన గుంట దగ్గరకు రాగానే అలవాటుగా కొట్టేసింది, ఈలలు వేస్తూ తను చూస్తూ నిలబడింది.

చూసినవాళ్ళు లేరు. రెన్నీలు పొదల్లో ఉన్నారు. కిటికీల్లో ఉన్నవాళ్ళకు అంత దూరం నుంచి ఎవరు కొట్టారో ఏం తెలుస్తుంది? ఎఫీకే తెలియదు. ఈ ఆటకు తగువు తీర్చే మనిషి ఎవరూ ఉండడు. ఎవరి తప్పు వాళ్ళే నోరు తెరిచి చెప్పుకోవాలి. చెప్పుకుంటే రెండు దెబ్బల శిక్ష, మళ్ళీ మొదటి నుంచి. చెప్పుకోకుండా ఆట అయిపోయిందని దెబ్బల లెక్క రాసిన కార్డు ఇచ్చేస్తే అది ఆట కాదు, దొంగతనం. తన తప్పయితే మోర్వెన్ ఈపాటికి పదిసార్లు చెప్పేసేది. ఎంత సంతోషంగా చెప్పేది! కానీ ఇది ఎఫీ తప్పు. పుట్టినప్పటినుంచి మోర్వెన్ ఎవరికీ "నీది తప్పు" అని చెప్పలేదు. కాలు కరిచిన కుక్కకు కూడా చెప్పలేదు.

ఊరుకుంటే గిన్నె. ఊరుకుంటే "మళ్ళీ".

"కొట్టవేం? గాలి ఆగిందిగా," అంది ఎఫీ.

"ఎఫీ గారూ," అంది మోర్వెన్. "నేను కొట్టకూడదు. అక్కడ మొదటి దెబ్బ నాది. మీరు కొట్టేశారు."

"ఏమిటీ?"

"తొమ్మిది బేసి. బేసివి నావి. మీరే ఇచ్చారు."

"ఎనిమిది ఎవరు మొదలుపెట్టారు?"

"మీరే. గొర్రె తుమ్మింది. దాన్ని తిట్టి మరీ కొట్టారు."

ఇక ఇప్పుడు తన నోట ఆ సారీ వస్తుందనుకుంది మోర్వెన్. వచ్చింది కూడా, పళ్ళదాకా వచ్చింది. కానీ ఎందుకు చెప్పాలి? నిజం చెప్పినందుకు ఎవరైనా సారీ చెబుతారా? పళ్ళు బిగించింది. మాట లోపలే ఉండిపోయింది.

ఎఫీ సముద్రం వైపు తిరిగింది. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది, మళ్ళీ పెట్టుకుంది.

"జెస్సీతో ఆడేటప్పుడు తొమ్మిది నాది," అంది చివరికి.

"తెలుసండీ."

"వెనక్కెళ్ళి మళ్ళీ కొట్టాలి. పైగా రెండు దెబ్బలు పోతాయి."

"తెలుసు."

"గిన్నె పోతుంది."

"అదీ తెలుసు."

"తెలిసే చెప్పావా?"

"తెలిసే చెప్పాను," అంది మోర్వెన్.

ఎఫీ ఇటు తిరిగింది. ఆవిడ మొహంలో కోపం కనపడుతుందేమోనని మోర్వెన్ చూసింది. లేదు. ఏదో పోగొట్టుకున్నది దొరికినవాళ్ళ మొహంలా ఉంది.

"సారీ," అంది ఎఫీ.

సముద్రం గట్టు పొదల్లో వాదన టక్కున ఆగిపోయింది. ముళ్ళమధ్యలోంచి మెగ్ తల పైకి లేచింది.

"వాటీ! విన్నావా? ఎఫీ మన్రో సారీ అంది!"

"ఎండ దెబ్బ తగిలిందే నీకు."

"ఈ చెవులతో విన్నానయ్యా! ఒట్టు!"

రెండో తల కూడా లేచింది. దంపతులిద్దరూ పొదలోంచి, ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి ఒకే విషయం మీద ఒకే అభిప్రాయంతో, నోరెళ్ళబెట్టి చూశారు. ఎఫీ వచ్చి మోర్వెన్ భుజంమీది సంచి పట్టుకు లాగింది.

"వద్దండీ, ఎఫీ గారూ, బరువు..."

"కట్టుబాటు కట్టుబాటే. ఇవ్వు. నీ బరువు కన్నా ఎక్కువేం ఉండదులే, అది కూడా నేనే మోశాను."

రెండు సంచులూ రెండు భుజాలకు వేసుకుని, వంతెన మీద ఎఫీ ముందు, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక మోర్వెన్ వెనక. మళ్ళీ మొదటికి వచ్చి మోర్వెన్ బంతి పెట్టింది. గిన్నె పోయింది, "మళ్ళీ" కూడా పోయినట్టే. పోయేవన్నీ పోయాక ఒంట్లో ఎక్కడినుంచో చక్కిలిగిలి మొదలైంది. ఆ చక్కిలిగిలితోనే కొట్టింది. కర్ర బంతి నెత్తిన తగిలింది. బంతి లేవలేదు. నేలమీద దొర్లుకుంటూ పోయి, వాగు దగ్గర ఒక్కసారి ఎగిరి, సరిగ్గా వంతెన పలకల మీద పడి, బుద్ధిగా వంతెన దాటి, అవతల గడ్డిలో ఆగింది.

ఎఫీ కళ్ళు చికిలించి దాన్ని చివరిదాకా చూసింది.

"మోర్వెన్," అంది ఎఫీ, "అది దెబ్బ కాదు, బాటసారి."

అని నవ్వింది. ఎంత నవ్వు! కొంగ అరిచినట్టు, చుట్టుపక్కల గొర్రెలన్నీ చెల్లాచెదరయ్యేలా నవ్వింది. మోర్వెన్ గడ్డిలో కూలబడి కడుపు పట్టుకుంది. గుంట దగ్గరికి చేరాక కూడా నవ్వాగక ఇద్దరూ చెరొకసారి బంతిని గుంటపక్కగా తోసేశారు. ఎట్టకేలకు బంతి లోపల పడేసరికి క్లబ్బు కిటికీలకు ముక్కులు ఆనించని మనిషి లేడు. గెలుపు సంగతి కాదు వాళ్ళు చూస్తోంది. ఎఫీ మన్రో భుజాల మీద రెండు సంచులు.

గిన్నె చేపల కొట్టు అన్నదమ్ములకు దక్కింది. పాపం, వాళ్ళకు తప్ప ఆ సంగతి ఇంకెవరికీ పట్టలేదు. సూపు, మటన్ పైలు అందరికీ అందాక కెప్టెన్ లాఖ్లన్ మోయర్ లేచి నిలబడ్డాడు. గది సద్దుమణిగింది. మోర్వెన్ తన చెంచాను చూస్తూ కూర్చుంది. ఎంత నవ్వుకున్నా, ఆ "వద్దు" ఈ గదిలోనే ఉంది, ఇంకో నిమిషంలో బయటపడుతుంది. వద్దంటే వద్దు. గుండె మాత్రం పోస్టు సైకిలు వాలు దిగినట్టు కొట్టుకుంటోంది.

"ఎఫీ మన్రో," అన్నాడు కెప్టెన్. "నీ జత మోర్వెన్ పెట్రీ. మళ్ళీ?"

ఎఫీ లేచింది. మామూలుగా ఆవిడ లేవదు.

"నన్నడక్కు లాఖ్లన్."

"మరి ఎవర్ని అడగమంటావు?"

"వంతు తప్పి కొట్టింది నేను. సంచి మోసింది నేను. అడగాల్సింది ఆ పిల్లని."

"అలా రివాజు లేదే, ఎఫీ."

"నువ్వు పుట్టేటప్పుడు కాళ్ళు ముందొచ్చాయి. అదీ రివాజు కాదు. అయినా బయటికి లాగానుగా. అడుగు."

గది గొల్లుమంది. కెప్టెన్ మొహం గిన్నెలో టమాటా సూపు రంగుకొచ్చింది. గొంతు సవరించుకుని ఇటు తిరిగాడు. "మోర్వెన్ పెట్రీ. నీ జత ఎఫీ మన్రో."

మోర్వెన్‌కు నవ్వొచ్చింది. ఇన్నేళ్ళలో ఊళ్ళో ఎవరూ తనను నీకేం కావాలని అడగలేదు. తనే తలుపు తలుపుకీ తిరిగి, మీకేమైనా ఇబ్బందా అని అడిగింది. నవ్వుతూనే ఎఫీ వైపు చూసింది, చూసి నవ్వు మరచిపోయింది. ఎఫీ తనను చూడడం లేదు. ఎదురుగా గోడను చూస్తోంది. కుర్చీ వీపును రెండు చేతులతో పట్టుకుని ఉంది, వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. ఊరు ఊరంతా చూసి జంకే ఆ మనిషి, ఒక్క మాట కోసం, అది కూడా ఉత్తరాలు పంచే మోర్వెన్ నోటి మాట కోసం భయంగా ఎదురుచూస్తోంది. మూడేళ్ళుగా ఆవిడ "వద్దు" అనడమే అందరూ చూశారు. ఆవిడకు ఎవరైనా కావాలనిపించి ఉంటుందని ఎవరూ అనుకోలేదు.

"మళ్ళ..." అని కెప్టెన్ మొదలుపెట్టాడు.

"మళ్ళీ!" అంది మోర్వెన్. అతను అడగడం పూర్తికాకముందే, లేచి నిలబడి, వంటగదిలో ఉన్నవాళ్ళకు కూడా వినపడేట్టు అంది. "వచ్చే శనివారం. ఆ పై శనివారం. అన్ని శనివారాలూ."

బల్లలు మోగాయి. వాటీ ఈలవేశాడు, మెగ్ అతన్ని వద్దనలేదు. ఆ గోలలో ఎఫీ మెల్లగా కూర్చుంది. చెంచా అందుకుంది. చెంచాలో సూపు తొణుకుతుంటే చెంచా మళ్ళీ గిన్నెలో పెట్టేసింది. మోర్వెన్ అదేమీ చూడనట్టు రొట్టె విరిచి సగం ఆవిడ వైపు జరిపింది.

ఎఫీ ఆ రొట్టె తీసుకుని కాసేపు చేతిలోనే పట్టుకుంది.

"శనివారం దాకా ఆగాలంటావా?" అంది.